ఒక్క మాటైనా మాట్లాడని రిస్పా రాజును ఎలా కదిలించింది?

[తెర మీద: ఎండకు మాడిన కొండరాయి, దాని మీద పరిచిన గోనెపట్ట. పేరు పడుతుంది: రిస్పా]

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మదర్స్ డే ఆదివారం వచ్చిందంటే మన సంఘాల్లో హన్నా గురించి వింటాం, రూతు గురించి వింటాం. సామెతలు 31లోని గుణవతియైన భార్య గురించి తప్పకుండా వింటాం. రిస్పా పేరు మాత్రం చాలా అరుదుగా వినపడుతుంది. ఆమె గురించి చెప్పాలంటే ఉరితీసిన కొడుకుల గురించి, పాతిపెట్టకుండా వదిలేసిన శవాల గురించి, దావీదు తీసుకున్న ఒక నిర్ణయం గురించి మాట్లాడాలి. అది పండుగ రోజు మాట్లాడే విషయం కాదని పక్కన పెట్టేస్తాం. కానీ స్త్రీ ఓర్పు గురించి, త్యాగం గురించి బైబిలు ఏం చూపిస్తుందో తెలుసుకోవాలంటే ఇంతకన్నా బలమైన చోటు నాకు కనపడలేదు.

రెండవ సమూయేలు 21వ అధ్యాయం, 1 నుంచి 14 వచనాలు. బైబిలు దగ్గరుంటే తెరిచి పెట్టుకోండి.

[తెర మీద: మ్యాప్. యెరూషలేముకు ఉత్తరాన గిబియా, వాయవ్యాన గిబియోను]

దావీదు కాలంలో మూడేళ్లు వరసగా కరవు వచ్చింది. దావీదు యెహోవా దగ్గర విచారణ చేస్తే, దావీదుకు ముందు ఇశ్రాయేలును ఏలిన సౌలు గిబియోనీయులను చంపాడు, అందుకే ఇది వచ్చింది అని జవాబు. ఈ గిబియోనీయులు ఇశ్రాయేలు వంశం వాళ్లు కాదు. మిమ్మల్ని చంపం అని యెహోషువ కాలంలో పెద్దలు వాళ్లకు ప్రమాణం చేశారు. యెహోషువ 9లో ఉంది. సౌలు ఆ ప్రమాణాన్ని తుంగలో తొక్కాడు.

దావీదు గిబియోనీయులను పిలిచి, మీకు ఏం చేయమంటారు అని అడిగాడు. వెండి బంగారాలు వద్దు, సౌలు సంతతిలో ఏడుగురిని మాకు అప్పగించు అన్నారు. రాజు సరే అన్నాడు. ఇక్కడ కొంచెం ఆగి చదవండి. కరవుకు కారణం యెహోవా చెప్పాడు. ఏడుగురిని అప్పగించమని ఆయన చెప్పినట్టు మాత్రం ఆ వచనాల్లో లేదు. వాళ్లు అడిగారు, దావీదు ఇచ్చాడు.

ఆ ఏడుగురిలో ఐదుగురు సౌలు కూతురి కొడుకులు. మిగిలిన ఇద్దరు, అర్మోని, మెఫీబోషెతు, రిస్పా కొడుకులు. సౌలు కొడుకు, దావీదు స్నేహితుడు అయిన యోనాతానుకు ఒక కొడుకు ఉన్నాడు, అతని పేరు కూడా మెఫీబోషెతే. యోనాతానుతో చేసిన ప్రమాణం గుర్తుపెట్టుకుని దావీదు అతన్ని మాత్రం అప్పగించలేదు. అదే పేరున్న రిస్పా కొడుకు తరఫున రాజు దగ్గర ఏ ప్రమాణమూ లేదు.

ఇంతకీ రిస్పా ఎవరు? అయ్యా కూతురు, సౌలు ఉపపత్ని. ఆమె పేరు మొదట 3వ అధ్యాయంలో వస్తుంది. సౌలు చనిపోయాక అతని కొడుకు ఇష్బోషెతు సేనాధిపతి అబ్నేరును నిలదీస్తాడు, నా తండ్రి ఉపపత్ని దగ్గరికి ఎందుకు వెళ్లావని. అబ్నేరు మండిపడి, నీ రాజ్యాన్ని దావీదుకే ఇప్పిస్తాను అంటాడు. ఆమె పేరు మీద ఇద్దరు మగవాళ్లు గొడవపడితే ఒక రాజ్యమే చేతులు మారింది. ఆమెకు ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. బైబిలు మొత్తంలో రిస్పా నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటి కూడా రాసి లేదు.

[తెర మీద: కోతకు వచ్చిన యవల చేను, దూరంగా కొండ]

ఏడుగురినీ ఒకేసారి కొండ మీద ఉరితీశారు. అది యవలకోత మొదలయ్యే సమయం, అంటే మనకు మార్చి, ఏప్రిల్ నెలలు అనుకోండి. కోత రోజుల్లో చేలో ఏం జరుగుతుందో పల్లెల్లో పెరిగినవాళ్లకు తెలుసు. మంచె మీద నిలబడి, వడిసెల తిప్పి, కేకలేసి పిట్టల్ని తోలుతారు. ఆ ఏడాది కింద చేలల్లో జనం గింజల మీద వాలే పిట్టల్ని తోలుతుంటే, కొండ మీద ఒక తల్లి తన బిడ్డల శవాల మీద వాలే పక్షుల్ని తోలింది.

10వ వచనం చెప్పేది ఇంతే. గోనెపట్ట తీసుకుని బండ మీద పరుచుకుంది. కోత మొదలైనప్పటి నుంచి ఆకాశం నుంచి వాన కురిసేదాకా అక్కడే ఉంది. పగలు పక్షుల్ని వాలనివ్వలేదు, రాత్రి అడవి మృగాల్ని దగ్గరికి రానివ్వలేదు.

ఎన్ని రోజులన్నది వచనంలో లేదు. ఆ దేశంలో మామూలుగా ఏప్రిల్, మే నాటికి వానలు ఆగిపోతాయి. మళ్లీ తొలకరి పడేది అక్టోబరు ప్రాంతంలో. అప్పుడు కురిసింది ఆ తొలకరే అయితే దాదాపు ఆరు నెలలు. వాన ముందే వచ్చి ఉండొచ్చని చెప్పేవాళ్లూ ఉన్నారు, అలాగే అనుకుందాం. వేసవి ఎండలో, కుళ్లుతున్న శవాల పక్కన, రాత్రిళ్లు నక్కల్ని అదిలిస్తూ కొన్ని వారాలు ఉండటం మాత్రం తక్కువా?

ఇంకో సంగతి చెప్పాలి, నన్ను ఎక్కువగా కదిలించేది ఇదే. ఆమె కొడుకులు ఇద్దరు. ఆమె కాపలా కాసింది ఏడుగురికి. ఐదుగురి తల్లి అక్కడ ఉన్నట్టు రాసి లేదు. ఇవి నా బిడ్డల శవాలు, అవి పరాయివి అని రిస్పా లెక్క వేయలేదు.

[తెర మీద: ద్వితీయోపదేశకాండము 21:22, 23]

ఆమె కోరింది ఏమిటి? ధర్మశాస్త్రంలో ఉన్నదే. మరణశిక్ష పొందినవాడిని మ్రానుకు వేలాడదీస్తే, రాత్రంతా శవాన్ని అలా ఉంచకూడదు, ఆ రోజే పాతిపెట్టాలి. హాయి అనే పట్టణపు రాజును చంపినప్పుడు కూడా యెహోషువ పొద్దు గుంకగానే దించమన్నాడు. శత్రురాజుకు దక్కిన పాటి మర్యాద సౌలు బిడ్డలకు దక్కలేదు. వాళ్లను దించమని దావీదు ఆజ్ఞ ఇచ్చినట్టు ఎక్కడా లేదు. ధర్మశాస్త్రం తెలిసిన రాజు, యాజకులు, పెద్దలు అందరూ ఊళ్లో ఉన్నారు. ఆ ఆజ్ఞకు విలువ ఇచ్చి కొండెక్కింది రిస్పా ఒక్కతే.

రిస్పా చేసింది ఎవరో దావీదుకు చెప్పారు. అప్పుడు రాజు లేచాడు. ముందు యొర్దానుకు అవతల ఉన్న యాబేష్గిలాదుకు వెళ్లి సౌలు, యోనాతానుల ఎముకలు తెచ్చాడు. ఫిలిష్తీయులు బేత్షానులో వేలాడదీసిన వాళ్ల శవాల్ని యాబేషు మనుషులు ఒక రాత్రంతా నడిచి వెళ్లి తెచ్చుకున్నారు, ఆ ఎముకలు అప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. తర్వాత ఉరితీసిన ఏడుగురి ఎముకల్నీ ఏరించాడు. సౌలును, యోనాతానును బెన్యామీను దేశంలోని సేలాలో, సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టించాడు.

దేశం కోసం చేసిన విన్నపాన్ని దేవుడు అంగీకరించాడన్న మాట ఎక్కడ వస్తుందో చూడండి. ఉరితీసిన 9వ వచనంలో లేదు. 14వ వచనం చివర, ఎముకలకు మర్యాద జరిగాక వస్తుంది.

[తెర మీద: వ్యాఖ్యాత ముఖం, దగ్గరగా]

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన సంఘాల్లో స్త్రీ ఓర్పు అనగానే నోరు మూసుకుని భరించడం అనే అర్థం చెప్పేస్తున్నాం. తాగి కొట్టే భర్త దగ్గర నుంచి పుట్టింటికి వచ్చిన అమ్మాయికి, "సర్దుకుపోమ్మా, ఉపవాసం ఉండి ప్రార్థన చెయ్యి, దేవుడే మారుస్తాడు" అని చెప్పి మళ్లీ అదే ఇంటికి పంపుతున్నాం. దానికి త్యాగం అని పేరు పెడుతున్నాం. రిస్పా త్యాగం అలాంటిది కాదు. ఆమె మౌనం అన్యాయాన్ని కప్పిపుచ్చలేదు. జనం చూసీ చూడనట్టు వెళ్లిపోదామనుకున్నదాన్ని, ఆమె అక్కడే కూర్చుని, చూడక తప్పని పరిస్థితి తెచ్చింది. తన ఒంటిని ఎండకు, నిద్రను నక్కలకు ఇచ్చింది. తప్పును మాత్రం ఒప్పు అనలేదు.

ఆమె దుఃఖాన్ని దేవుడు తప్పుపట్టినట్టు కూడా ఎక్కడా లేదు. ఏడ్చే తల్లిని "విశ్వాసం ఉంటే ఏడవకూడదు" అని మందలించే పెద్దలు దయచేసి ఈ అధ్యాయం మళ్లీ చదవండి. సిలువ దగ్గర యేసు తల్లి నిలబడిందని యోహాను 19:25లో ఉంది. ఆమె కూడా అక్కడ ఏమీ మాట్లాడినట్టు లేదు. ఆమెను చూసి, నీకు ధైర్యం చాలలేదు అని ప్రభువు అనలేదు. ఆమె బాధ్యతను ప్రియ శిష్యుడికి అప్పగించాడు. బాధలో ఉన్న స్త్రీకి ఇల్లు చూపించడం మొదటి పని అని ఆయనకు తెలుసు.

మీ స్త్రీల కూడికలో ఈ భాగం చదవాలనుకుంటే ముందు రెండవ సమూయేలు 3వ అధ్యాయం 6 నుంచి 11 వచనాలు చదవండి, తర్వాత ద్వితీయోపదేశకాండము 21, ఆ తర్వాతే రెండవ సమూయేలు 21. చదివాక అక్కల్ని, అమ్మల్ని మాట్లాడనివ్వండి. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఆ కూడికలో ఉంటారు, వాళ్లకు తొందర పెట్టకండి.

వచ్చే వీడియోలో రెండవ రాజులు 11వ అధ్యాయం. అతల్యా రాజకుమారులందర్నీ చంపిస్తుంటే, ఒక పసివాడిని ఎత్తుకుపోయి ఆరేళ్లు మందిరంలో దాచిన మేనత్త యెహోషెబ గురించి మాట్లాడుకుందాం. వందనాలు.