గురువు లేని టీచరమ్మ

శ్రోతలకు నమస్కారం.

ఒక తల్లి కాళ్లతో తొక్కే హార్మోనియం ముందు కూర్చుని, మూడేళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని, ఏదో వాయించుకుంటోంది. పిల్ల ఊరుకుంటుందా, చేతులు చాపి తల్లి అప్పటిదాకా వాయించిన ముక్కనే తిరిగి వాయించేసింది. తల్లి హడలిపోయి పిల్లను ఒళ్లోంచి జారవిడిచి, ఇరుగుపొరుగును పిలుచుకురావడానికి పరుగెత్తిందట. 1910లో అమెరికాలోని అట్లాంటాలో పుట్టిన మేరీ లూ విలియమ్స్ తన గురించి తానే చెప్పుకున్న ముచ్చట ఇది. అమెరికా నల్లవాళ్ల నుంచి పుట్టిన జాజ్ సంగీతంలో పియానో వాయించింది, బోలెడు స్వరరచన చేసింది, చివరికి అరవై దాటాక యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది. ఆవిడకు మాత్రం చిన్నప్పుడు పాఠం చెప్పినవాళ్లు లేరు.

మన ఇళ్లలో అయితే మర్నాడే మంచి రోజు చూసి సంగీతం మాస్టారిని కుదిర్చేవాళ్లం. ఈ తల్లి ససేమిరా అంది. ఎందుకంటే తను చిన్నప్పుడు నేర్చుకుంది, నేర్చుకున్నాక కాగితం చూసి వాయించడం వచ్చింది గానీ, చూడకుండా సొంతంగా వాయించడం పోయింది. పిల్లకు ఆ గతి పట్టకూడదనుకుంది. అందుకని పాఠాలు పెట్టించకుండా, ఊళ్లో వాయించేవాళ్లను ఇంటికి పిలిచి, పిల్లను పక్కన కూర్చోబెట్టి వినమనేది. ఈ పద్ధతి అందరికీ పనికొస్తుందని నేననను, మా ఇంట్లో పిల్లల మీద ప్రయోగించే ధైర్యం నాకైతే లేదు.

తర్వాత ఆ కుటుంబం పిట్స్‌బర్గ్‌కు మారింది. నల్లవాళ్లు వచ్చి పక్కింట్లో దిగారని తెల్లవాళ్లు ఆ ఇంటి మీదికి ఇటుకలు విసిరేవారు. ఈ పిల్ల వాళ్ల ఇళ్లకే వెళ్లి పియానో వాయించడం మొదలుపెట్టాక ఇటుకలు ఆగాయి. ఈస్ట్ లిబర్టీ పేటలో ‘చిన్న పియానో పిల్ల’ అంటే అందరికీ తెలుసు.

ఇక్కడ పియానో సంగతి ఒక్క నిమిషం చెప్పుకుందాం. మన చేతి హార్మోనియం మీద ఎడమ చేతికి తిత్తి ఊదడమే పని, పాటంతా కుడి చేతిదే. పియానోలో అలా కాదు. పాత జాజ్ పద్ధతిలో ఎడమ చెయ్యి అటు చివర ఒక మంద్రస్వరం కొట్టి, చటుక్కున మధ్యకు గెంతి మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కి, మళ్లీ అటు చివరికి పోతుంది. అంటే మృదంగం పనీ శ్రుతి పనీ రెండూ ఎడమ చేతివే. కుడి చెయ్యి ఆ తాళం మీద మన కల్పనస్వరాల్లాగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతుంది. మేరీ లూ ఎడమ చెయ్యి విని, వాయించేది మగవాడేమో అనుకునేవారట. అప్పట్లో అదే మెచ్చుకోలు, ఏం చేస్తాం.

పదహారు పదిహేడేళ్లకే జాన్ విలియమ్స్ అనే శాక్సఫోన్ కళాకారుణ్ని పెళ్లి చేసుకుంది. అతను ఆండీ కర్క్ బ్యాండ్‌లో చేరాడు. ఈవిడకు మొదట అందులో చోటు లేదు, కొన్నాళ్లు శవాలను మోసే బండి నడిపింది కూడా. 1929లో కాన్సస్ సిటీలో రికార్డింగ్ రోజున బ్యాండ్ పియానిస్టు రాకపోతే ఈవిడ కూర్చుంది. తర్వాత షికాగోలో రికార్డింగ్‌కి ఈవిడ లేకుండా వెళ్తే, కంపెనీ మనిషి ఆ అమ్మాయి ఏదని అడిగాడు. కబురు పెట్టి రప్పించారు. అసలు పేరు మేరీ అయితే దానికి ‘లూ’ తగిలించిందీ ఆ రికార్డుల వేళే.

బుర్ర నిండా బాణీలున్నాయి గానీ స్వరాలు కాగితం మీద పెట్టడం రాదు. ఈవిడ వాయిస్తుంటే కర్క్ గంటల తరబడి కూర్చుని రాసుకునేవాడు. కొన్నాళ్లకు ఈ తంతుకు విసుగొచ్చి, ఈ గోలెందుకని తనే రాయడం మొదలుపెట్టింది. మొదట్లో బ్యాండ్‌లోని వాయిద్యాలు అందుకోలేని స్వరాలు కూడా రాసేసిందట. తర్వాత పరిస్థితి ఎక్కడికి వచ్చిందంటే, 1930ల రెండో సగంలో వారానికి అరడజను బ్యాండ్లకు రాసేది. బ్యాండ్ ఒక ఊళ్లో కచేరీ ముగించి రాత్రికి రాత్రి వందల మైళ్లు పోతుంటే, కారులో టార్చ్ లైట్ వెలుగులో రాసుకునేది. మన దగ్గర రాత్రి బస్సులో లైటు తీసేశాక ఫోన్ వెలుగులో ఒక్క పేజీ చదవండి, ఆ పని ఎలాంటిదో తెలుస్తుంది. 1937లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ ఊరూరా ఊపేసిన ‘రోల్ ఎమ్’ ఈవిడ రాసిందే.

కాన్సస్ సిటీ రోజుల్లో ఒక రాత్రి సంగతి ఆవిడ చెప్పింది. తెల్లవారుజాము నాలుగింటికి ఎవరో కిటికీ జాలీ మీద తడుతున్నారు. చూస్తే బెన్ వెబ్‌స్టర్, శాక్సఫోన్‌లో దిట్ట. లేచి రా, ఊళ్లో పియానో వాయించేవాళ్లందరూ అలిసిపోయారు, కోల్‌మన్ హాకిన్స్ చొక్కా విప్పేసి ఇంకా ఊదుతున్నాడు అన్నాడు. న్యూయార్క్ నుంచి వచ్చిన ఆ శాక్సఫోన్ కళాకారుడు హాకిన్స్‌తో కాన్సస్ సిటీ వాళ్లు తెల్లార్లూ పోటీ పడుతున్నారన్నమాట. ఈవిడ లేచి వెళ్లి వాయించింది. బ్యాండ్ మనిషి భార్యగా ఊళ్లోకి వచ్చినావిడను, అందరూ చేతులెత్తేశాక లేపడానికి వచ్చారంటే, అప్పటికి ఆవిడ స్థానం ఏమిటో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

1940ల్లో న్యూయార్క్‌లోని హార్లెంలో ఆవిడ కాపురం ఉన్న ఇల్లే నా లెక్కలో అసలు బడి. థెలోనియస్ మంక్, బడ్ పవెల్, డిజీ గిలెస్పీ, ఇలా అప్పటి కుర్రాళ్లంతా రాత్రి కచేరీలు ముగించుకుని అక్కడికి చేరేవాళ్లు. పియానో ఉంది, తినడానికేదో ఉంటుంది, తప్పు వాయిస్తే మొహమాటం లేకుండా చెప్పే అక్క ఉంది. కొత్త తరం బీబాప్ అంటూ వేగంగా, వంకర తిరుగుళ్లతో వాయిస్తుంటే, పాత తరంలో చాలామంది ముఖం చిట్లించారు. ఈవిడ మాత్రం వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల దగ్గరా నేర్చుకుంది.

1954లో పారిస్‌లో ఒక రాత్రి వాయిస్తూ వాయిస్తూ మధ్యలో పియానో ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. మూడేళ్లు వేదిక ఎక్కలేదు. కేథలిక్ మతం పుచ్చుకుంది, మత్తుమందులకు బానిసలైన సంగీత కళాకారులను ఇంట్లో పెట్టుకుని వండి పెట్టింది, వాళ్ల ఖర్చులకు పాత బట్టలూ సామాన్లూ అమ్మే కొట్టు నడిపింది. చివరికి పాదరీలూ డిజీ వాళ్లూ నచ్చజెబితే 1957లో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో మళ్లీ వాయించింది. ఆ తర్వాత చర్చి ప్రార్థనలకే జాజ్ బాణీలు కట్టింది. 1975లో న్యూయార్క్ సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లో వాటిని పాడించింది.

1977లో నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీ పిలిచింది. డిగ్రీ లేదు, కాలేజీ మెట్లెక్కింది లేదు. జాజ్ చరిత్ర పాఠం చెప్పేది, విద్యార్థుల బ్యాండ్‌ను నడిపించేది. పాఠానికి పనికొచ్చేలా ఒక చెట్టు బొమ్మ వేయించుకుంది. వేళ్ల దగ్గర బాధ అని రాసి ఉంటుంది. మొదలు నుంచి పైకి భక్తిగీతాలు, రాగ్‌టైమ్, కాన్సస్ సిటీ స్వింగ్, బాప్, ఇలా ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన బాణీలు. ఒక పక్కన కొమ్మలకు ఆకులే ఉండవు, వాటి మీద కమర్షియల్ రాక్, అవాంట్ గార్డ్ (అంటే పాత కట్టుబాట్లు తెంచుకున్న ప్రయోగ సంగీతం) అని రాయించింది. ఈ చివరి మాటతో నాకు పేచీ ఉంది, బాప్ కుర్రాళ్లను ఇంట్లో కూర్చోబెట్టుకున్న మనిషి, ఆ తర్వాత వచ్చినవాళ్ల కొమ్మలను మోడు చేసేసింది. అయినా అదే 1977లో, ఆ మోడు కొమ్మ మీది పియానో కళాకారుడు సెసిల్ టేలర్‌తో న్యూయార్క్ కార్నెగీ హాల్లో జంటగా వాయించింది. ఆ రికార్డు వింటే జుగల్‌బందీ కన్నా గట్టు తగాదాలా ఉంటుంది, కానీ వినదగ్గ తగాదా. 1981 మే నెలలో చనిపోయే దాకా ఆవిడ డ్యూక్‌లోనే ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారా, 1945 నాటి ‘జోడియాక్ సూట్’తో మొదలుపెట్టండి. పన్నెండు రాశులకు పన్నెండు ముక్కలు. మొదటి కొన్నే ముందుగా రాసుకుంది, మిగతావి తన రేడియో కార్యక్రమంలో వారానికొకటి చొప్పున అప్పటికప్పుడు కట్టింది. రేడియోలో మాట్లాడేవాణ్ని, నాకు ఆ ధైర్యం తలచుకుంటేనే టెన్షన్. ఒక్కో రాశిని ఆ రాశిలో పుట్టిన తోటి కళాకారులకు అంకితం ఇచ్చింది, అయితే వాళ్లది పుట్టిన తేదీని బట్టి లెక్క, మన జన్మరాశితో చూసుకుంటే కుదరదు. తుల మంక్‌కూ డిజీకీ వెళ్లింది. మొదటిది మేషం, చిన్న ముక్కే, నడక ఒక్కచోట నిలవదు, ఇప్పుడు ఉరుకుతుందా ఆగుతుందా అని మనం చూస్తూండగానే మారిపోతుంది. దాన్ని గాయని బిల్లీ హాలిడేకూ, ఆ తెల్లవారుజామున కిటికీ తట్టిన బెన్ వెబ్‌స్టర్‌కూ ఇచ్చింది.