మావాడి మొదటి కాలేజీ మ్యాచ్‌కి వెళ్తే ఏం జరిగిందంటే...

రికార్డ్ అవుతోందా? ఆ, అవుతోంది.

నమస్తే అండి. నవంబర్ మొదటి శనివారం, మధ్యాహ్నం రెండయింది. మసాచుసెట్స్‌లో మా ఇంటి నుంచి వెర్మాంట్ వైపు రెండున్నర గంటల ప్రయాణం. మావారికి ఆఫీసులో ఆన్‌కాల్ పడింది, కాబట్టి డ్రైవింగూ నేనే, కెమెరా నేనే, కబుర్లూ నావే. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి డ్యాష్‌బోర్డుకి తగిలించాను. లేకపోతే సరిగ్గా మంచి మాట నోటికొచ్చే వేళకే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. దారి కారు స్క్రీనే చూపిస్తుంది. వెనక సీట్లో పులిహోర గిన్నె, ఫ్లాస్కులో టీ, రెండు రగ్గులు. మావాడి మొదటి కాలేజీ హాకీ మ్యాచ్ ఇవాళ.

ఈ వీడియో అసలు మా పెద్దమ్మ కోసం. ఆగస్టులో అక్క కూతురి పెళ్ళికి నరసరావుపేట వెళ్ళాను కదా. భోజనాల దగ్గర అందరి ముందూ అడిగేసింది: "ఏమే, మీవాడు ఇంకా ఫస్టియరేనంటగా? ఎన్నిసార్లు తప్పాడు?" మా చెల్లెలి కూతురు వాడికన్నా రెండు నెలలు చిన్నది. బీటెక్ ఫైనలియర్, ఉద్యోగం కూడా చేతిలో పడింది. మావాడికి ఇరవై ఒకటి వచ్చాక కాలేజీలో కాలు పెట్టాడు. చేతిలో గారె పట్టుకుని నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను, విను పెద్దమ్మా.

ముందుగా, హాకీ అంటే మన ధ్యాన్‌చంద్ హాకీ కాదు. ఇది మంచు మీద. బంతి బదులు పక్ అని రబ్బరు బిళ్ళ, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. ఒక్కో జట్టుకి మంచు మీద ఆరుగురు: గోల్ కాసే గోలీ ఒకడు, ముందు ముగ్గురు, వెనక ఇద్దరు. ఆ వెనక ఇద్దర్నీ డిఫెన్స్‌మెన్ అంటారు, మావాడు ఆ బాపతు. మా నాన్నకి వీడియో చూపిస్తే "వీడికి గోల్ కొట్టే పని ఇవ్వరేం?" అని బాధపడ్డాడు. కాసేపాగి ఆయనే "ఓహో, చెడుగుడులో మూల కాసేవాడన్నమాట" అని తేల్చాడు. సరిగ్గా అదే. ఎదుటివాడు దూసుకొస్తుంటే వాడికి ఎదురుగానే ఉండి, వెనక్కి వెనక్కి స్కేటింగ్ చేస్తూ, గోడ వైపుకి మళ్ళించాలి. తొందరపడి మీదికెళితే పక్కనుంచి జారిపోతాడు. మరీ వెనక్కి తగ్గితే తీరిగ్గా గోల్ కొడతాడు. ఆ మధ్య దూరాన్ని గ్యాప్ అంటారు. పదేళ్ళుగా మా ఇంట్లో మోగేది ఆ ఒక్క మాటే.

ఇక చదువు సంగతి. మావాడు మా ఊరి గవర్నమెంటు స్కూల్లో తొమ్మిదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. తర్వాత ప్రెప్ స్కూల్‌కి అప్లై చేశాం. ప్రెప్ అంటే ఈ న్యూ ఇంగ్లండ్, అంటే అమెరికా ఈశాన్య మూల వైపు పాతకాలపు బోర్డింగ్ స్కూళ్ళు. ఆండోవర్‌లోది 1778లో పెట్టారు, అంత పాతవి. చాలా చోట్ల శనివారం కూడా క్లాసులుంటాయి, బుధవారం, శనివారం మధ్యాహ్నాలు మ్యాచ్‌లు. మన కార్పొరేట్ కాలేజీ హాస్టల్ లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ సాయంత్రం ఆటకి రాకపోతే ఊరుకోరు. మావాణ్ణి చూసిన కోచ్ "తీసుకుంటాం, మళ్ళీ తొమ్మిదిలో చేర్పించండి" అన్నాడు.

పాసైన క్లాసు మళ్ళీ ఎందుకండీ అంటే, "ఏడాది ఎక్కువ ఎదుగుతాడు, కాలేజీ కోచ్‌లు చూసేనాటికి ఒళ్ళొస్తుంది" అట. ఇక్కడ ఇది మామూలే. పన్నెండు అయిపోయాక పీజీ ఇయర్ అని ఇంకో ఏడాది అక్కడే ఉండేవాళ్ళూ ఉన్నారు. పీజీ అంటే ఎంఏ, ఎమ్మెస్సీ కాదు, పదమూడో తరగతి! ఫీజు ఇలాంటి చోట హాస్టల్‌తో ఏడాదికి 70,000 డాలర్ల పైమాటే. డాలరు 85 వేసుకుంటే దగ్గర దగ్గర 60 లక్షలు. పాసైన క్లాసుకే మళ్ళీ 60 లక్షలు! సగానికి పైగా ఎయిడ్, అంటే ఫీజు సాయం ఇచ్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నరసరావుపేటలో స్థలం ఎగిరిపోయేది.

అదిగో, టోల్ దాటాను. ఆకులన్నీ రాలిపోయాయి, చూపించడానికేం లేదు. పోయిన నెలే రావాల్సింది.

ఆ స్కూలు రింక్‌లో, అంటే మంచు మైదానంలో, కోచ్ ఒక పేరు పదే పదే చెప్పేవాడు, బ్రయన్ లీచ్ అని. కనెక్టికట్‌లో చెషైర్ అనే ఊళ్ళో పెరిగాడు. తండ్రి రింక్ మేనేజరు, ఆయనా ఒకప్పుడు బోస్టన్ కాలేజీకి ఆడినవాడే. పిల్లాడు ఏవన్ ఓల్డ్ ఫార్మ్స్ అనే ప్రెప్ స్కూల్లో డిఫెన్స్ ఆడాడు. 1986లో కొత్త ఆటగాళ్ళని జట్లు పంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ జట్టువాళ్ళు తొమ్మిదో నంబర్‌లో ఎంచుకున్నారు. తండ్రి ఆడిన కాలేజీలోనే ఒక్క ఏడాది ఆడి, 1988 ఒలింపిక్స్‌లో కూడా ఆడి, ఎన్‌హెచ్ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్ళిపోయాడు. 1994లో రేంజర్స్ ఆ లీగ్ కప్పు గెలిస్తే ప్లేఆఫ్స్‌లో, అంటే చివరి దశ మ్యాచ్‌ల్లో, మేటి ఆటగాడి బహుమతి అతనికే. అమెరికావాడికి అది రావడం అదే మొదలు. వింటే స్కూలు, కాలేజీ, కప్పు, మూడే మెట్లు అనిపిస్తుంది. మా ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం.

ఇప్పుడు మధ్యలో జూనియర్ హాకీ అని ఇంకో మెట్టు ఉంది. పన్నెండు పాసయ్యాక చాలామంది నేరుగా కాలేజీకి వెళ్ళరు, ఒకటి రెండేళ్ళు ఏదో దూరపు ఊళ్ళో ఆడతారు. మావాడు రెండేళ్ళు నార్త్ డకోటాలో ఉన్నాడు. చలికాలంలో మైనస్ 30 చూసే ప్రాంతం. అక్కడ బిల్లెట్ అంటే ఊళ్ళో ఎవరో ఒక కుటుంబం కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతుంది. నెలకి కొంత డబ్బు ఇస్తాం, కానీ అది ఏ మూలకీ రాదు. మా తాతయ్య వారాలు చేసుకుని చదువుకున్నాడు, రోజుకొకళ్ళింట్లో భోజనం. ఆ కథలు విని పెరిగిన నేను నా కొడుకుని ముక్కూ మొహం తెలియనివాళ్ళింటికి పంపాను. ఆ బిల్లెట్ తల్లి ఫోన్ చేసి పప్పు ఎలా చేయాలో అడిగి రాసుకుంది. ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కోవాలన్నది మాత్రం ఆవిడ ఇంటి రూలు. మా ఇంట్లో పదిహేనేళ్ళు చెప్పినా వినని రూలు.

పెద్దమ్మా, ఇది నీకు అర్థమయ్యే భాషలో చెప్పనా? లాంగ్ టర్మ్. అంతే. మా రోజుల్లో గుంటూరులో, విజయవాడలో సీటు రానివాళ్ళు ఇంకో ఏడాది కూర్చుని మళ్ళీ ఎంసెట్ రాసేవాళ్ళే, అది.

నేనూ రాశాను. మెడిసిన్ కోసం లాంగ్ టర్మ్ చేశాను, సీటు రాలేదు, బీఎస్సీలో చేరాను. ఆ ఏడాది ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదు నేను. "ఇప్పుడేం చదువుతున్నావమ్మా" అని అడుగుతారని. మా అమ్మ కూడా నేను ఇంట్లో లేనని చెప్పేది, నేను లోపలి గదిలోనే ఉండేదాన్ని. ఇక్కడ మావాడు పక్కింటి ముసలాయనతో "ఈ ఏడాది కాలేజీ లేదు, హాకీ ఆడుతున్నా" అంటే, ఆయన "మంచి పని, తొందరేముంది" అన్నాడు. ఇంట్లోకొచ్చి చాలాసేపు ఆ మాటే తల్చుకున్నాను. తొందరేముంది అని నాతో ఎవరూ అనలేదు.

సరే, ఆ గొడవ వదిలేయండి. స్కాలర్‌షిప్ ఎంతొచ్చిందని అందరూ అడుగుతున్నారు. సున్నా. ఇక్కడ కాలేజీ ఆటల్లో మెట్లుంటాయి, పై మెట్టు డివిజన్ వన్. అందులో హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ వాళ్ళు ఆటకి డబ్బులివ్వరు, మిగతావాళ్ళలో చాలామంది ఇస్తారు. మావాడిది డివిజన్ త్రీ, అక్కడ ఆట కోసం రూపాయి ఇవ్వకూడదని రూలే ఉంది. ఇంటి ఆదాయం చూసి ఇచ్చే ఎయిడే దిక్కు. పైగా 2024 నవంబర్‌లో ఒక కొత్త నిర్ణయం వచ్చింది. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్ళని అంతకుముందు ప్రొఫెషనల్స్ కింద లెక్కగట్టి డివిజన్ వన్‌కి రానిచ్చేవాళ్ళు కాదు. 2025 ఆగస్టు నుంచి రానిస్తున్నారు. వాళ్ళు పైన కూర్చుంటే పైవాళ్ళు ఒక మెట్టు కిందికి, వాళ్ళ కిందివాళ్ళు ఇంకో మెట్టు కిందికి. ఆర్టీసీ బస్సులో సీట్లు సర్దుకున్నట్టు. చివర నిలబడేది మావాడి లాంటివాళ్ళు.

ఇక కంపు సంగతి చెప్పకపోతే ఈ ఛానల్‌కి అన్యాయం చేసినదాన్నవుతాను. హాకీ సామాను కంపు ఈ దేశంలో నాకు అన్నిటికన్నా నచ్చనిది. చెమటతో తడిసిన గ్లవ్స్, ప్యాడ్లు బేస్‌మెంట్‌లో ఆరేస్తే అగరుబత్తులు కట్టలకి కట్టలు వెలిగించినా పోదు. మంచి కర్ర 300 డాలర్లు, అంటే 25,500 రూపాయలు, పక్‌కి అడ్డం పెడితే ఒక్క దెబ్బకి రెండు ముక్కలు. విరిగినవాటితో మావారు టమాటా మొక్కలకి ఊతం కట్టారు. వాడు వెళ్ళిపోయాక బేస్‌మెంట్‌లో కంపు పోయింది. పోయిందని సంతోషపడి, కిందికెళ్ళి మరీ ఓసారి వాసన చూశాను. ఎందుకో తెలీదు.

...వచ్చేశాం. పార్కింగ్ దొరికింది, ఫ్రీ. రండి లోపలికి.

చలి చూశారా, మాటకి పొగ వస్తోంది. అదిగో జాంబోనీ, మంచుని చెక్కి నీళ్ళు పోసి నున్నగా చేసే బండి. 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన తయారుచేశాడు. నా ఛానల్లో ఎక్కువ వ్యూస్ వచ్చింది దీని వీడియోకే. నా కొడుక్కి రాలేదు.

ఆగండి, మన జట్టు దిగింది. నంబర్ కనపడటం లేదేంటి? అందరికీ మొహానికి జాలీ ఉంటుంది, కాలేజీలో తప్పనిసరి, పోల్చుకోలేం. మూడు, ఏడు, పన్నెండు... వీడేడీ?

(కట్ చేశాను. ఇది ఇంటికొచ్చాక చెబుతున్నాను.)

ఫ్లైట్ మోడ్ తీస్తే మెసేజ్ ఉంది, నేను బయల్దేరిన పది నిమిషాలకి వచ్చింది. "అమ్మా, ఇవాళ లైనప్‌లో లేను. రావద్దు." జట్టులో డిఫెన్స్‌వాళ్ళు తొమ్మిదిమంది, ఆడించేది ఆరేడుగురిని. ఫస్టియర్ వాళ్ళు మొదట్లో బయట కూర్చోవడం మామూలేనట.

తల తిప్పితే మెట్ల మీద నిలబడి ఉన్నాడు. కోటు, టై. ఆడనివాళ్ళు అలాగే రావాలి. పెళ్ళికొడుకులా ఉన్నాడు. రెండో పీరియడ్ దాకా తోటివాళ్ళతో కూర్చుని, తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడి మ్యాచ్‌లు పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, మ్యాచ్ జరుగుతుంటే వాడు నా పక్కన ఉండటం అదే మొదటిసారి. సగం రగ్గు కప్పుకుని, ప్లాస్టిక్ చెంచాతో పులిహోర తింటూ, "చూడు, వాడు గ్యాప్ ఎక్కువ ఇచ్చాడు" అని చెబుతున్నాడు. అవతలివాడు దూసుకొచ్చినప్పుడల్లా రగ్గు కింద వీడి కాళ్ళు కదులుతున్నాయి. కూర్చునే వెనక్కి జరుగుతున్నాడు. అది షూట్ చేయలేదు పెద్దమ్మా, ఏమనుకోకు.

3-2తో ఓడిపోయారు. కారు దాకా వచ్చాడు. గిన్నె మూత తీసి చూస్తే ఖాళీ, ఇంకా నీటి చుక్కలున్నాయి. లాకర్ రూమ్ సింకులో కడిగాడట.