మచ్చా, గుంటా?

శ్రోతలందరికీ నమస్కారం. చర్మవ్యాధుల డాక్టరుగా నేను రోజూ వినే మాట ఒకటుంది. "మొటిమలు తగ్గాయి డాక్టరుగారూ, ఈ మచ్చలే పోవడం లేదు." ఆ మాట వినగానే నేను మందు రాయను. ముందు కిటికీ దగ్గరికి రమ్మంటాను.

మొన్న వేసవిలో ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకునే కూర్చుంది. తల్లే మాట్లాడింది. "లేజర్ చేయిస్తే పోతాయని అందరూ అంటున్నారండీ. చీటీ పాడుకుని డబ్బు తెచ్చాను." ఆ మాటకు నా మనసు చివుక్కుమంది.

అమ్మాయిని ముఖం కడుక్కుని రమ్మన్నాను. కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా నిలబెట్టాను. వెలుగు ఏటవాలుగా పడితే చెంపలో గుంటలు నీడతో బయటపడతాయి. సాయంత్రం ఎండలో నాగటి చాళ్లు తేలి కనిపించినట్టే. తర్వాత చూపుడువేలితో మెల్లగా నిమురుకోమన్నాను. "ఎక్కడైనా లోతు తగులుతోందా తల్లీ?" "లేదండీ, నున్నగానే ఉంది." రెండు చెంపలూ వెతికితే నిజమైన గుంటలు రెండే దొరికాయి. కుడి కణత దగ్గర, సూదితో పొడిచినట్టు. మిగతావన్నీ చర్మంతో సమంగా ఉన్న గోధుమరంగు మచ్చలు. చీటీ డబ్బు ఆ తల్లి సంచిలోనే తిరిగి వెళ్లింది.

మచ్చ అంటే రంగు. గుంట అంటే ఆకారం. మళ్లీ చెబుతున్నాను, మచ్చ రంగు, గుంట ఆకారం. మొటిమ వాచిన చోట చర్మం మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది, మన చామనఛాయ ఒంటికి అది మరీ ఎక్కువ. ఆ రంగు కొన్ని నెలల్లో, లోతుగా దిగితే ఏడాది దాటాక, నెమ్మదిగా పలచబడుతుంది. గుంట సంగతి వేరు. అక్కడ వాపు లోపల చర్మాన్ని నిలబెట్టే కొలాజెన్ పోగులనే తినేసింది. పైన రాసే క్రీములు దాన్ని పూడ్చలేవు. సూదితో గుంట కింది పట్టును తెంచే సబ్‌సిషన్, సన్నటి సూదులతో పొడిచే మైక్రోనీడ్లింగ్, లేజర్, సన్నటి లోతు గుంటకు టీసీఏ అనే యాసిడ్ చుక్క, ఇలా దాని వైద్యం దానికుంది. నెలకొకటి చొప్పున కొన్ని సిట్టింగులు పడతాయి. బాగా తగ్గుతుంది కానీ అద్దంలా చదును కాదు. మొటిమలు ఇంకా వస్తుండగా ఈ చికిత్సల జోలికి వెళ్లకండి.

ఆ అమ్మాయి సంచిలోంచి ఒక ట్యూబు కూడా తీసింది. "అత్తయ్య ఇచ్చిందండీ, రాస్తే వారంలో తెల్లబడుతుంది." స్టెరాయిడ్ క్రీమ్. మొదట్లో తెల్లగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు ఇంకా విరగబూస్తాయి. 2018లో ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. దయచేసి ఒకరి ట్యూబు ఇంకొకరు రాసుకోకండి. నిమ్మరసం, టూత్‌పేస్టు కూడా వద్దు. అవి కాలిస్తే ఆ చోట కొత్త మచ్చ పడుతుంది.

నేను రాసింది తక్కువే. పొద్దున మచ్చల రంగు తగ్గించే అజెలాయిక్ యాసిడ్ క్రీమ్. రాత్రి ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత అడాపలీన్, మొటిమలు రాకుండా చూసే పూతమందు, 0.1 శాతం. మొదటి వారాల్లో చర్మం పొడిబారుతుంది, అప్పుడు రోజు విడిచి రోజు రాస్తే చాలు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు అడాపలీన్ రాయకూడదు.

ఇక ఈ ప్రసంగంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే సన్‌స్క్రీన్ అంటాను. ఎండ తగిలే కొద్దీ మచ్చ నల్లబడుతుంది, ఎన్ని మందులు రాసినా. ఎస్పీఎఫ్, అంటే ఎండను ఆపే శక్తి కొలత, 30 లేదా అంతకన్నా ఎక్కువున్నది తీసుకోండి. చాలామంది చుక్కంత రాసి వదిలేస్తారు. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పెట్టుకోండి. ముఖానికీ మెడకూ అంత కావాలి. ఆ అమ్మాయి ఎండలోనే స్కూటీ మీద కాలేజీకి వెళ్తుంది. బయల్దేరే ముందు ఒకసారి, మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి ముందు ఇంకోసారి రాయమన్నాను.

అయిదు నెలల తర్వాత వచ్చింది. చున్నీ భుజం మీదే ఉంది. నేను అడక్కముందే కిటికీ పక్కకు వెళ్లి చెంప వెలుగుకు తిప్పింది. "మచ్చలు పలచబడ్డాయి, ఈ రెండు గుంటల సంగతి ఎప్పుడు చూద్దామండీ?" అంది. కొత్త మొటిమ లేకుండా ఇంకో మూడు నెలలు గడిచాక రమ్మన్నాను.