సినిమాలో కట్ అయిన రోజులు: 'ఎవడే సుబ్రమణ్యం' చూసి హిమాలయాలకు బయల్దేరేవారికి

అందరికీ నమస్కారం.

2015 మార్చి 21న నాగ్ అశ్విన్ మొదటి సినిమా 'ఎవడే సుబ్రమణ్యం' విడుదలైంది. కథ మీ అందరికీ తెలిసిందే. పైకి ఎదగడం తప్ప ఇంకో ధ్యాస లేని కార్పొరేట్ ఉద్యోగి సుబ్బు. దూద్ కాశి వెళ్దామని చిన్నప్పుడు అతనితో మాట తీసుకున్న స్నేహితుడు రిషి. రిషి పోయాక అతని అస్థికలతో సుబ్బు ఆ ప్రయాణం కడతాడు, పక్కన ఆనంది. సుబ్బుగా చేసిన నానిని అప్పటికే అందరూ ఎరుగుదురు. రిషి వేషం వేసిన విజయ్ దేవరకొండ మాత్రం చాలామందికి కొత్త. కొండల భాగాన్ని నేపాల్‌లో, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ప్రాంతంలో తీశారు. విడుదలై నెల దాటిందో లేదో, ఏప్రిల్ 25న నేపాల్‌ను 7.8 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. బేస్ క్యాంప్ మీద మంచు విరుచుకుపడి పర్వతారోహకులు, షెర్పాలు ప్రాణాలు కోల్పోయారు. తెర మీద మనం ముచ్చటపడిన నేల ఎలాంటిదో ఆ ఒక్క నెలలోనే తెలిసొచ్చింది.

ఈ సినిమా మీద నాకు చాలా గౌరవం ఉంది. ప్రయాణం గురించి వచ్చే సినిమాలు ఎక్కువగా ఊరిని చూపించి ఊరిస్తాయి. ఇది మనిషిని చూపించింది. టైమ్ లేదు, టైమ్ లేదు అని పరుగెత్తేవాడిని ముందు మన ముందు కూర్చోబెట్టి, వాడికి ఏం పోతోందో మనకే అర్థమయ్యేదాకా ఆగి, అప్పుడు కొండలు చూపించింది. అందుకే హాల్లోంచి బయటికొచ్చినవాళ్లు 'ఎంత బావుందో' అని ఊరుకోలేదు, 'మనం ఎప్పుడెళ్దాం' అన్నారు.

అయితే సినిమాకు కట్ అనే సౌకర్యం ఉంది. ఒక పాటలో ఊరు దాటేస్తారు, చరణం మారేసరికి మంచులో ఉంటారు. రెండున్నర గంటల్లో కథ చెప్పాలంటే ఇంకో దారి లేదు. మన ఒంటికి మాత్రం కట్ పనిచేయదు. రెండు షాట్ల మధ్య ఎడిటర్ కోసేసిన రోజులే అక్కడ మనిషిని నిలబెడతాయి. ఈ రోజు మాట్లాడబోయేది ఆ రోజుల గురించే.

ముందు దారి సంగతి. సినిమాలో దూద్ కాశి ఒక గమ్యం. నేల మీద ఉన్నది దూద్ కోశి నది. లుక్లాలో విమానం దిగి నడక మొదలుపెట్టిన కాసేపటికే లోయలో కనిపిస్తుంది. నీళ్లు తెల్లగా, కొంచెం నీలం కలిసిన పాలలా ఉంటాయి. హిమానీనదాలు కదులుతూ కింది రాతిని అరగదీస్తాయి. ఆ పిండి పిండి రాతిపొడి నీళ్లలో అడుగుకు దిగకుండా తేలుతూ వస్తుంది కాబట్టి ఆ రంగు.

చాలామంది పొరబడేది ఇక్కడే. సినిమా చూసి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ బుక్ చేసుకుంటారు. అది గొప్ప ట్రెక్కే. కానీ ఆ దారి నామ్చే బజార్ దాటాక ఫుంకి తెంగా దగ్గర దూద్ కోశిని దాటేసి, తెంగ్బోచే ఎక్కి, ఇమ్జా ఖోలా వెంట పక్క లోయలోకి వెళ్లిపోతుంది. పాల నదిని దాని పుట్టుక దాకా చూడాలంటే మీరు వెళ్లాల్సింది గోక్యో లోయకు. అక్కడ 4,700 మీటర్లు దాటిన ఎత్తులో వరసగా సరస్సులుంటాయి, పక్కనే నేపాల్‌లోకెల్లా పొడవైన న్గోజుంపా హిమానీనదం. సుబ్బు మనసులో మెదిలిన దూద్ కాశికి దగ్గరగా వచ్చేది గోక్యోయే అని నా అభిప్రాయం. జనం కూడా బేస్ క్యాంప్ దారి కంటే తక్కువ.

ఇక ఎత్తు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్లు, విశాఖ, నెల్లూరు వాళ్లు దాదాపు సున్నా. ఖాట్మండు 1,400. లుక్లా 2,860. చిన్న విమానంలో అరగంట, అంతలోనే 1,400 మీటర్లు పైకి. అందుకే లుక్లాలో దిగిన రోజు అక్కడ ఉండిపోరు, 2,610 మీటర్ల ఫాక్‌డింగ్‌కు దిగి పడుకుంటారు. రెండో రోజు నామ్చే, 3,440. ఈ ఎక్కుడులో చివరి భాగం, హిల్లరీ పేరు పెట్టిన ఎత్తైన ఇనుప తాళ్ల వంతెన దాటాక వచ్చే సుమారు 600 మీటర్లు, అసలు పరీక్ష. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు కాళ్ల బాధ కొత్తేం కాదు. కొత్తగా ఉండేది ఊపిరి.

3,000 మీటర్లు దాటాక లెక్క ఇది. ఒక రాత్రి పడుకున్న చోటికీ తర్వాతి రాత్రి పడుకునే చోటికీ మధ్య 500 మీటర్ల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్లో రెండో రాత్రి ఉండాలి. పగలు కొంచెం ఎక్కువ ఎత్తు ఎక్కి దిగినా పరవాలేదు, పడుకునే ఎత్తే ముఖ్యం. దీన్ని గోక్యో దారికి వేస్తే ఇలా వస్తుంది: నామ్చేలో రెండు రాత్రులు, ఫోర్ట్సే తెంగా 3,680, దోలే 4,100 చుట్టుపక్కల, మచ్చెర్మో 4,470, అక్కడ ఇంకో రాత్రి, ఆపైన గోక్యో 4,790. మర్నాడు పొద్దున్నే గోక్యో రి శిఖరం, సుమారు 5,360 మీటర్లు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానికి దాదాపు సగమే. దిగేటప్పుడు ఈ నియమాలేవీ ఉండవు, మూడు రోజుల్లో లుక్లా చేరొచ్చు.

గోక్యో లోయలో ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్తగా వినండి. ఫోర్ట్సే తెంగా నుంచి దోలే రెండు మూడు గంటల నడక. దోలే నుంచి మచ్చెర్మో కూడా దాదాపు అంతే. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే పదకొండుకల్లా లాడ్జి వచ్చేస్తుంది. ఎండ కాస్తోంది, కాళ్లు బాగానే ఉన్నాయి, ఇక్కడ కూర్చుని ఏం చేస్తాం, తర్వాతి ఊరికి పోదాం అనిపిస్తుంది. పోతారు. ఆ రోజు ఏమీ కాదు. ఒంట్లో తేడా కనపడటానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది కాబట్టి అర్ధరాత్రి తలనొప్పి మొదలవుతుంది, తెల్లారేసరికి వాంతులు. పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత ఈ లోయకు అక్షరాలా వర్తిస్తుంది.

నామ్చేలో విశ్రాంతి రోజంటే మంచం మీద పడుకోవడం కాదు. పొద్దున్నే స్యాంగ్‌బోచే వైపు ఎక్కి, 3,880 మీటర్ల ఎత్తున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా వెళ్లి, టీ తాగి, మధ్యాహ్నానికి నామ్చేకి దిగిపోవాలి. ఒంటికి ఎత్తు రుచి చూపించి, కిందికి తెచ్చి పడుకోబెట్టడమన్నమాట. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. ఈ కొద్ది రోజుల్లో మారేది ఊపిరి వేగం, దాని వెనక మూత్రపిండాలు రక్తంలో సరిచేసే రసాయన సమతుల్యం. మూత్రం ఎక్కువసార్లు వస్తుంటే కంగారు పడకండి, అది మంచి గుర్తే.

ఫిట్‌గా ఉన్నవాడికి ఎత్తుజబ్బు రాదని అనుకోవద్దు. మారథాన్ పరుగెత్తే కుర్రాడికి రావచ్చు, అరవై ఏళ్ల పెద్దాయన హాయిగా నడవొచ్చు. నిజానికి ఫిట్‌గా ఉన్నవాళ్లు తొందరగా ఎక్కేసి ఇబ్బంది తెచ్చుకునే ప్రమాదం ఉంది. ఇంటి దగ్గర చేయాల్సిన సాధన మోకాళ్లకు, తొడలకు. వీపు మీద ఆరేడు కిలోల సంచితో రోజూ మెట్లు, వారానికోసారి పెద్ద నడక. దిగడం కూడా సాధన చేయండి. చాలామందికి మోకాళ్లు పట్టేసేది తిరుగు దారిలోనే.

సాయంత్రం లాడ్జి డైనింగ్ హాల్లో మధ్యలో ఇనుప పొయ్యి ఉంటుంది, ఎండిన జడలబర్రె పేడ వేసి మండిస్తారు. అందరూ దాని చుట్టూ చేరతారు. గుంపులో ఎవరు మాట్లాడటం తగ్గించారో, ఎవరు అన్నం కెలుకుతున్నారో చూడాల్సిన సమయం అది. తలనొప్పితో పాటు వికారమో, కళ్లు తిరగడమో, విపరీతమైన నీరసమో ఉంటే అది ఎత్తు వల్ల వచ్చిందేననుకోవాలి. ఆ రాత్రి అక్కడే ఉండాలి, తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. అనుమానం ఎక్కువైతే నేల మీద పలకల గీత వెంబడి మడమకు వేలు ఆనించి పదడుగులు నడవమనండి. తూలితే మెదడులో వాపు మొదలైనట్టు. కూర్చున్న చోటే ఆయాసం వస్తోందా, దగ్గు ఆగట్లేదా, అది ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్న సూచన. ఈ రెండింటికీ మందు కిందికి దిగడమే, కనీసం 500 నుంచి 1,000 మీటర్లు, రాత్రయినా సరే, మనిషిని ఒంటరిగా పంపకుండా. వేలికి పెట్టే ఆక్సిమీటర్ అంకెను చూసి ధైర్యం తెచ్చుకోకండి. చల్లబడ్డ వేలు తప్పు అంకె చూపిస్తుంది.

నిద్రలో పక్కవాడి ఊపిరి కాసేపు ఆగి, మళ్లీ గబగబా మొదలవడం వినిపిస్తుంది. ఆ ఎత్తులో అది మామూలే. నిద్రమాత్ర, మద్యం, రెండూ ఆ ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి కాబట్టి పైకి వెళ్లే రోజుల్లో ముట్టొద్దు. ఎత్తుజబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ (అసిటజోలమైడ్) మాత్ర గురించి అందరూ అడుగుతారు. మామూలుగా ముందుజాగ్రత్తకు ఇచ్చేది 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎత్తెక్కే ముందు రోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. అది వేసుకున్నామని విశ్రాంతి రోజు ఎగ్గొట్టడానికి వీల్లేదు.

ఇంత చెప్పినా జనం ఆ విశ్రాంతి రోజు ఎందుకు ఎగ్గొడతారో కూడా చూద్దాం. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లే, ఏటవాలుగా ఉంటుంది, ఒక చివర కొండ, ఇంకో చివర లోయ. మేఘం వచ్చిందంటే విమానాలు ఆగిపోతాయి. రద్దీ సీజన్‌లో చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా రామెఛాప్ జిల్లాలోని మంథలి నుంచి ఎగురుతాయి, అక్కడికి రాత్రికి రాత్రి నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం. ఒక రోజు విమానం ఎగరలేదనుకోండి. ఆఫీసు సెలవు పెరగదు, హైదరాబాద్ తిరుగు టికెట్ మారదు. ప్లాన్‌లో కోయడానికి కనిపించే ఒకే ఒక్క రోజు నామ్చేలో 'ఖాళీగా' ఉన్న రోజు. దాన్ని కోస్తారు. మచ్చెర్మోలో పడకేస్తారు. హెలికాప్టర్ వస్తుంది. ఎత్తు మీద జరిగే చాలా అనర్థాలకు బీజం సెలవు చీటీలోనే పడుతుంది.

కాబట్టి పన్నెండు పదమూడు రోజుల నడకకు ముందూ వెనకా కలిపి పదిహేడు, పద్దెనిమిది రోజులు పెట్టుకోండి. అంత సెలవు దొరక్కపోతే గోక్యోను ఇంకో ఏడాదికి వాయిదా వేసి, నామ్చే, ఖుంజుంగ్, తెంగ్బోచే దాకా వారం రోజుల్లో చూసి రండి. దూద్ కోశి ఆ దారిలో చాలా దూరం మీ పక్కనే ఉంటుంది. మార్చి నెలాఖరు నుంచి మే దాకా ఒక సీజన్, అక్టోబర్, నవంబర్ ఇంకొకటి. ఆకాశం తేటగా కావాలంటే రెండోది.

సామాను, కాగితాలు త్వరగా చెప్పేస్తాను. లుక్లా విమానంలో మామూలుగా మొత్తం 15 కిలోలే. భారతీయులకు నేపాల్‌కు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. ఒక్క ఆధార్‌ను నమ్ముకుని వెళ్లకండి. సగరమాథ జాతీయ ఉద్యానం ప్రవేశ రుసుం సార్క్ దేశాలవాళ్లకు మిగతా విదేశీయుల్లో సగం, స్థానిక గ్రామపాలిక పర్మిట్ వేరే. ఇన్సూరెన్సులో రెండు మాటలు రాసి ఉన్నాయో లేదో చదవండి: 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ తరలింపు. చాలా పాలసీలు తక్కువ ఎత్తులోనే ఆగిపోతాయి. తిండికి దాల్ భాత్ మించింది లేదు, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. పైకి వెళ్లేకొద్దీ ఆకలి చస్తుంది కాబట్టి మన కందిపొడి, కరివేపాకు పొడి చిన్న పొట్లం నిజంగా ఉపయోగపడుతుంది. నూనె పచ్చళ్ల సీసాలు మాత్రం వద్దు.

తెర మీద దారి ఖాళీగా కనిపిస్తుంది. నిజానికి బరువులు మోసే మనుషులు, కంచర గాడిదలు, జడలబర్రెలు దాని మీద పొద్దంతా నడుస్తుంటాయి. పశువుల మంద ఎదురైతే కొండ వైపు ఒత్తిగిలి నిలబడండి, లోయ వైపు అస్సలు వద్దు. అవి మూట తగిలించి మనిషిని తోసేస్తాయి. వంతెన మీదికి అవి ఎక్కాక మీరు ఎక్కకండి. పోర్టర్‌ను పెట్టుకుంటే అతనికి వెచ్చని బట్టలు, బూట్లు, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో మీరే అడగండి. ఎత్తుజబ్బు అతనికీ వస్తుంది, మొహమాటం కొద్దీ చెప్పడు.

అస్థికల ప్రస్తావన తేకుండా ఈ సినిమా గురించి మాట్లాడటం కుదరదు. సినిమా చూసి తమవాళ్ల అస్థికలు అక్కడ కలపాలనుకునేవాళ్లు ఉంటారు, ఆ మనసు అర్థమవుతుంది. గోక్యో సరస్సులు హిందువులకూ బౌద్ధులకూ పవిత్రం, 2007 నుంచి రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో ఉన్నాయి. ఆ నీళ్లే కింది ఊళ్లకు వెళతాయి. లాడ్జి పెద్దలను అడగకుండా ఏమీ కలపొద్దు, సబ్బుతో స్నానం అసలే వద్దు.

చివరగా బుకింగ్ వరస. ముందు సెలవు ఖాయం చేసుకోండి. తర్వాత లుక్లా టికెట్, పొద్దున్నే ఎగిరే మొదటి విమానానికి. తిరుగు టికెట్ అన్నిటికంటే చివర, తేదీ మార్చుకునే వీలున్నది, లుక్లా నుంచి తిరిగొచ్చే తేదీకి కనీసం రెండు రోజులు వదిలి. ఇక మీ ప్రశ్నలు అడగండి.