తాళం తప్పొచ్చు, ఆక్సిజన్ తప్పకూడదు

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

మన బడుల్లో హిప్ హాప్ యాన్యువల్ డే డాన్స్ ఐటమ్ దగ్గరే ఆగిపోయింది. దాన్ని ఎనిమిదో తరగతి సైన్స్ పీరియడ్‌లోకి ఎలా తేవాలన్నదే ఇవాళ్టి మాట.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో సిండీ క్యాంప్‌బెల్ ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బులు కావాలి, అందుకు. రికార్డులు తిప్పింది ఆమె అన్న కూల్ హెర్క్. హిప్ హాప్ పుట్టినరోజుగా ఆ రాత్రినే చెప్పుకుంటారు. రికార్డులు తిప్పే డీజేయింగ్, తాళానికి మాటలు పలికే ర్యాప్, బ్రేకింగ్ అనే డాన్స్, గోడల మీద రాసే గ్రాఫిటీ దాని నాలుగు అంగాలు. అదే న్యూయార్క్‌లో విద్యావేత్త క్రిస్టఫర్ ఎమ్డిన్, ర్యాపర్ జీజా కలిసి సైన్స్ పాఠాలను ర్యాప్ పోటీలుగా మార్చారు. మనకు ఈ పీరియడ్‌కి ర్యాప్ ఒక్కటి చాలు.

ముందు లెక్క. నిమిషానికి 80 తాళం దెబ్బలు (బీట్లు). నాలుగు దెబ్బలకు ఒక పంక్తి, అంటే 3 సెకన్లు. అమెరికన్ ర్యాప్‌లో 90 మామూలే గానీ, విభక్తులు తగిలించుకున్న మన మాటలు పొడుగు, 90 మీద పిల్లల నాలుక మడతపడుతుంది. దెబ్బకు నాలుగు మాత్రలు, పంక్తికి పదహారు. లఘువు ఒకటి, గురువు రెండు. తెలుగు పీరియడ్‌లో గణవిభజనకు ఆవలించే పిల్లలే ఇక్కడ వేళ్లు మడిచి లెక్కపెడతారు.

స్పీకర్ వద్దు. కాంక్రీటు గదిలో బేస్ గుమ్మంటుంది, మాట వినబడదు. ఒకటో, మూడో దెబ్బకు పాదం, రెండు, నాలుగుకు చప్పట్లు. బెంచీలు వాయించనిస్తే పక్క క్లాసు టీచరు వస్తారు. ఫోన్‌లో ఒకే వేగంతో టిక్కుమనే మెట్రోనోమ్ మాత్రం ఉండాలి, లేకపోతే ఎనిమిదో పంక్తికల్లా వేగం పెరిగిపోతుంది. ఇంకోటి, హైదరాబాద్ పిల్లల చేతులు వదిలేస్తే తీన్‌మార్‌కి జారతాయి. మర్ఫా డప్పులు మోగే ఊళ్లో అది సహజమే. కానీ ఆ నడక వేరు, నాలుగు మాత్రల మాటలు అందులో ఒదగవు.

45 నిమిషాల్లో మొదటి పది నిమిషాలు పాఠ్యపుస్తకం తెరిచి ఐదు నిజాలు నోట్‌బుక్ కుడి పేజీలో రాయాలి. ఐదు నిమిషాలు తాళం. పదిహేను నిమిషాలు నలుగురేసి కూర్చుని ఎడమ పేజీలో నాలుగు పంక్తులు. మిగతా సమయం గుండ్రంగా నిలబడి వినిపించడం, తప్పులు పట్టడం. కుడి పేజీ నిండకుండా ఎడమ పేజీ ముట్టుకోనివ్వకండి. ఎందుకో చూడండి. కిరణజన్య సంయోగక్రియ మీద ఇలాంటిది వస్తుంది:

గాలిని తాగీ నీటిని తిందీ
చెట్టుకు ఆకలి తీరిందండీ

మాత్రలు సరిగ్గా పదహారు. క్లాసంతా చప్పట్లు. సైన్స్ సున్నా. గాలిలో ఏ వాయువు? ఎండ ఏది? నీరే ఆహారమా? ఆ అపోహను తాళం వేసి మరీ బుర్రలో బిగించినట్టయింది. కుడి పేజీ చూసి దిద్దితే:

కార్బన్ డైయాక్‌సైడును పీల్చీ
వేరులు తెచ్చిన నీటిని చేర్చీ
ఎండల శక్తితొ చక్కెర వండీ
ఆక్సిజనొదిలే ఆకుల కుండీ

‘కుండీ’ ప్రాస కోసమే వచ్చింది, ఒప్పుకుందాం. సమీకరణంలోని అణువుల సంఖ్యలు 6, 6, 1, 6 మాత్రం ఇందులో పట్టవు. అది బోర్డు మీదే చెప్పాలి.

అసలు చిక్కు ప్రాస దగ్గర. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి, వాక్యం చివర క్రియ ఉంటుంది. అందుకే తెలుగులో అంత్యప్రాస మరీ చవక. ‘రా’, ‘లే’, ‘అంట’ తగిలిస్తే అయిపోతుంది, ఆలోచన అక్కడే ఆగిపోతుంది. ఆ తోకలు నిషేధించండి. నాలుగింటిలో ఒక్క పంక్తయినా నామపదంతో ముగియాలనండి. పిల్లలు అప్పుడు పాఠంలోకి తిరిగి వెళ్లి మాట వెతుకుతారు.

పదికి మార్కులు: నిజాలకు 5, మాత్రలకు 3, వినిపించినందుకు 2. యాసకు కోత లేదు, దక్కనీ మాట పడినా ఫర్వాలేదు. బ్యాటిల్ పెడితే ఎదుటి జట్టు పంక్తిలోని తప్పునే కొట్టాలి. రంగు, కులం, ఇంట్లోవాళ్ల ప్రస్తావన వస్తే ఆ జట్టు వంతు అక్కడితో సరి.

ఇప్పుడు మీ వంతు. మెట్రోనోమ్ 80 మీద ఉంది. ముందు వరుస పాదం, వెనక వరుస చప్పట్లు. అంశం జీర్ణవ్యవస్థ. కుడి పేజీ తెరవండి.