మ్యాక్స్‌వెల్ వచ్చు, లెక్క మాత్రం రాదు

శ్రోతలందరికీ నమస్కారం. ఫిజిక్స్ పీజీ చేసేవాళ్ళని ఏ పేపరంటే భయం అని అడిగి చూడండి, చాలామంది క్వాంటమ్ అనరు, ఎలక్ట్రోడైనమిక్స్, అంటే కరెంటు, అయస్కాంతాల సంగతి చెప్పే పేపర్ అంటారు. విచిత్రం ఏంటంటే ఇందులో మూల సూత్రాలు కొత్తవేమీ కావు, డిగ్రీలో చదివిన ఆ నాలుగు మ్యాక్స్‌వెల్ సమీకరణాలే, 1865లో ఆయన రాసినప్పుడు ఇరవై ఉండేవి, తర్వాత 1880ల్లో ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త పుణ్యమా అని నాలుగయ్యాయి.

మరి ఏడిపించేది ఏది? లెక్క. ఒక్కో ప్రాబ్లమ్ మూడు నాలుగు పేజీలు సాగుతుంది, లెజెండర్ అంటారు బెసెల్ అంటారు, ఆ పేర్లతో ఉన్న గణిత ఫంక్షన్లు, తీరా చివరికొచ్చేసరికి ఎక్కడో ఒక మైనస్ ఎగిరిపోయి ఉంటుంది. సొల్యూషన్ ఫోన్‌లో దొరుకుతుంది లెండి, దించేస్తే అసైన్‌మెంట్ మార్కులు పడతాయి, పరీక్ష హాల్లోనే పెన్ను కదలదు.

నన్నడిగితే లెక్క మొదలెట్టకముందే జవాబు ఎలా ఉండాలో ఊహించుకోవాలి, వచ్చాక దాన్ని నిలదీయాలి. ఒక ఉదాహరణ చెప్తా, పది సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న లోహపు గోళం, ఎర్త్ చేసి ఉంది. కేంద్రం నుంచి ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఒక చార్జ్ పెట్టాం. గోళం ఉపరితలం మీద ఎక్కడ చూసినా పొటెన్షియల్, అంటే వోల్టేజి, సున్నా ఉండాలి. దీనికి గోళాన్ని తీసేసి, దాని లోపల, కేంద్రం నుంచి ఐదు సెంటీమీటర్ల దగ్గర, చార్జ్ ఉన్న వైపే, సగం విలువతో వ్యతిరేక చార్జ్ ఒకటి, దొంగ చార్జ్ అందాం, ఉందనుకుంటే బయట విద్యుత్ ఫీల్డ్ మొత్తం వచ్చేస్తుంది.

నిజమేనా? చూద్దాం. ఉపరితలం మీద దగ్గరి చివర అసలు చార్జ్‌కి పది సెంటీమీటర్లు, దొంగ చార్జ్‌కి ఐదు. అవతలి చివర ముప్పై, పదిహేను. చార్జ్‌ని దూరంతో భాగిస్తే వచ్చే లెక్కే పొటెన్షియల్, రెండుచోట్లా దొంగ చార్జ్‌కి దూరం సగం, చార్జ్ సగం, గుర్తు ఎదురు, కాబట్టి రెండూ కలిపితే సున్నా. ఇప్పుడు అసలు చార్జ్‌ని కేంద్రం నుంచి మీటరు దూరానికి జరపండి, దొంగ చార్జ్ పదో వంతుకి పడిపోయి కేంద్రానికి సెంటీమీటరు దగ్గరకి వస్తుంది, ఇంకా దూరం జరిపితే మాయమైపోతుంది, అలాగే కదా జరగాలి! మీ జవాబులో దూరం పెరిగేకొద్దీ ఆ చార్జ్ పెరుగుతోందంటే ఇంటిగ్రల్ మళ్ళీ చేయక్కర్లేదు, తప్పు అక్కడికక్కడే దొరికిపోయినట్టే.

ఈ చిట్కాకి పెద్దన్న గ్రీన్ ఫంక్షన్, ఒక్క చార్జ్‌కి వచ్చిన జవాబుతో ఎన్ని చార్జ్‌లకైనా జవాబు కట్టే పద్ధతి. ఆ జార్జ్ గ్రీన్ నాటింగ్‌హామ్‌లో గాలిమర నడుపుకునేవాడు, పెద్దగా బడికి కూడా పోలేదు, 1828లో సొంతంగా వ్యాసం అచ్చేయించాడు, మనం ఇప్పటికీ దాంతో కుస్తీ పడుతున్నాం.

గంట కూర్చున్నా దారి కనపడకపోతే ఇంకో గంట అదే పేజీని చూడ్డం దండగ. లేచి పక్కవాళ్ళకి ప్రాబ్లమ్ చెప్పండి, జవాబు అడగొద్దు, ఏ బౌండరీ కండిషన్ దగ్గర, అంటే ఉపరితలం మీద పొటెన్షియల్ సున్నా లాంటి ఏ షరతు దగ్గర, ఆగిపోయారో అది చెప్పండి, సగంసార్లు చెప్తుండగానే మీకే తడుతుంది. అసైన్‌మెంట్ ఇచ్చిన రోజే ప్రాబ్లమ్స్ అన్నీ చదివి పెట్టుకోండి, సబ్మిషన్ ముందురాత్రి ఈ సబ్జెక్ట్ ఎవరికీ లొంగదు.

ఇంకోటి, యూనిట్లు. అందరూ చదివే జాక్సన్ పుస్తకం మూడో ఎడిషన్‌లో మొదటి పది చాప్టర్లు ఎస్ఐ, అంటే మీటరు, కిలోగ్రాముల పద్ధతి, పదకొండు నుంచి గాసియన్, అంటే సెంటీమీటరు, గ్రాముల పద్ధతి. పద్ధతి మారితే సూత్రాలూ మారతాయి, ఎక్కడో కాంతి వేగం వచ్చి కూర్చుంటుంది, ఇంకెక్కడో ఫోర్ పై ఊడిపోతుంది. ప్రతి ప్రాబ్లమ్ పైన ఏ యూనిట్లలో చేస్తున్నారో ముందే రాసి పెట్టుకోండి. ఉంటానండీ, నమస్కారం.