డిఫరెన్షియల్ ఆయిల్ ఇంట్లో మార్చడం: ముందు ఏ ప్లగ్ విప్పాలి?

నమస్కారం అండీ. కారు వెనక వంగి కింద చూస్తే, ఇరుసు మధ్యలో ఇనుప గుండులా ఒకటి కనిపిస్తుంది. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచి, మలుపుల్లో వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఇదే. మెకానిక్‌లు మాట్లాడుకునే క్రౌన్, పీనియన్ అనే గేర్లు ఇందులోనే ఉంటాయి. ఇంజిన్ ఆయిల్‌ను తేదీ చూసి మరీ మార్పించే వాళ్లు కూడా దీన్ని పట్టించుకోరు. ఇవాళ దీని ఆయిల్ మారుద్దాం.

ముందుగా ఒకటి తేల్చుకోండి. మీ కారుకు డిఫరెన్షియల్ అసలు విడిగా ఉందా? ముందు చక్రాలతో నడిచే కార్లలో అది గేర్‌బాక్సులోనే కలిసి ఉంటుంది, చాలావాటిలో రెండింటికీ ఒకటే ఆయిల్. మీది అలాంటి కారైతే ఈ పని మీకు లేదు. వెనక చక్రాలతో నడిచే కారైతే వెనక ఒకటి ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే సాధారణంగా ముందు ఒకటి, వెనక ఒకటి.

ఇక ఆయిల్ సంగతి. డిఫరెన్షియల్‌లో గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టి ఒత్తిడితో రాసుకుంటూ జారతాయి కూడా. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకే ఈ గేర్ ఆయిల్‌లో గంధకం, ఫాస్ఫరస్ ఉన్న రసాయనాలు కలుపుతారు. మూత తీయగానే వచ్చే ఆ ఘాటు వాసన గంధకానిదే. చేతికి అంటితే ఒక పట్టాన వదలదు, గ్లవ్స్ వేసుకోండి. డబ్బా మీద సాధారణంగా జీఎల్-5 అని ఆయిల్ తరగతి, 75డబ్ల్యూ-90 అనో 80డబ్ల్యూ-90 అనో చిక్కదనం అంకె ఉంటాయి. 90 అంటే ఇంజిన్ ఆయిల్ కన్నా ఎంతో చిక్కన అనుకోకండి. గేర్ ఆయిల్ కొలమానం వేరు, ఇంజిన్ ఆయిల్ కొలమానం వేరు. మీ కారుకు ఏది వాడాలో, ఎన్ని లీటర్లు పడుతుందో మాన్యువల్‌లో ఉంటుంది. నా మాటా, ఇంకెవరి మాటా కాదు, దాన్నే నమ్మండి. మీది లిమిటెడ్ స్లిప్ రకమైతే, అంటే ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా అడ్డుకునేదైతే, దానికి ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే రాపిడి సరిచేసే రసాయనం అవసరమా అన్నది కూడా అక్కడే చూసుకోండి. కొన్ని ఆయిళ్లలో అది ముందే కలిపి ఉంటుంది. అవసరమైన చోట అది లేకపోతే మలుపుల్లో వెనక నుంచి కటకటమంటూ అదురు వస్తుంది.

ఇప్పుడు కారును ఓ పది, పదిహేను నిమిషాలు నడిపి తీసుకురండి. ఆయిల్ వెచ్చబడితే పలచబడి తొందరగా దిగుతుంది, అడుగున పేరుకున్న మడ్డిని కూడా తీసుకొస్తుంది. మరీ కాలేంత వేడిగా ఉంటే కాసేపు ఆగండి.

కారు ఎత్తే దగ్గర మాత్రం తొందర వద్దు. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. ఆ వెనక చక్రాలనే గాల్లోకి లేపితే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే. అందుకని ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. స్టాండ్ల మీద నిలబెట్టి, చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడు కిందికి దూరండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వెనక ఒక్కటే లేపితే కారు ముందుకు వాలుతుంది, ఆయిల్ మట్టం తప్పు చూపిస్తుంది. నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలబెట్టడమే మంచిది. ఎత్తుగా ఉండే బండి అయితే అసలు లేపకుండానే ఈ పని అయిపోతుంది.

కెమెరా కిందికి తెస్తున్నాను, ఇటు చూడండి. రెండు ప్లగ్‌లు ఉన్నాయి. పక్కన, కాస్త పైన ఉన్నది ఆయిల్ పోసేది. అడుగున ఉన్నది దించేది. చెయ్యి సహజంగా కింది దాని మీదికే పోతుంది. ఆగండి. ముందు పైది విప్పండి.

ఎందుకంటే, ఆయిల్ అంతా దించేశాక పై ప్లగ్ రాలేదనుకోండి, కొత్త ఆయిల్ పోసే దారి ఉండదు. ఖాళీ డిఫరెన్షియల్‌తో కారు కదపకూడదు. అదే పైది ముందే మొండికేస్తే నష్టమేమీ లేదు. పాత ఆయిల్‌తోనే మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ పోవచ్చు.

ఈ ప్లగ్‌లు ఏళ్ల తరబడి కదలవు కాబట్టి తుప్పు పట్టి ఉంటాయి. లోపలికి అలెన్ కీ పట్టే గుంట ఉన్న రకమైతే, ఆ గుంటలో మట్టి గట్టిపడి ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో మొత్తం గీకి తీసేయండి. కీ పైపైన పట్టిన చోట బలం వేస్తే గుంట అరిగి గుండ్రంగా అయిపోతుంది, ఆ తర్వాత అది చాలా పెద్ద పని. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు నాననివ్వండి. పొడవైన పిడి ఉన్న పానా పెట్టి, ఒక్కసారిగా గుంజకుండా, నిలకడగా ఒత్తిడి పెంచండి. చూశారా, కదిలింది.

ఇప్పుడు ట్రే కింద పెట్టి అడుగు ప్లగ్ తీయండి. పైది తెరిచే ఉంది కాబట్టి గాలి లోపలికి పోతుంది, ఆయిల్ ధారగా దిగుతుంది. కొన్ని కార్లకు అడుగు ప్లగ్ ఉండదు. వాటికి పై రంధ్రంలోంచి పంపుతో లాగేయాలి, లేదంటే వెనక మూతే విప్పాలి. మూత విప్పితే ఆయిల్ కారకుండా మూత కింద ఉండే పాత గాస్కెట్ అంతా గీకేసి కొత్తది వేయాల్సి వస్తుంది, కాబట్టి దానికి సిద్ధపడే మొదలుపెట్టండి.

ఆయిల్ దిగుతుండగా ప్లగ్ చూద్దాం. చాలావాటికి కొసన అయస్కాంతం ఉంటుంది. దాని మీద కాటుకలాంటి నల్లటి ముద్ద ఉంటే కంగారు పడకండి, అది గేర్లు మామూలుగా అరిగిన పొడి. వేళ్ల మధ్య నలిపినప్పుడు పెచ్చులు, ముక్కలు తగిలితే మాత్రం లోపల ఏదో విరుగుతోంది. అది కొత్త ఆయిల్‌తో బాగుపడే వ్యవహారం కాదు. నడిపేటప్పుడు వెనక నుంచి ఊళ లాంటి శబ్దం వస్తున్నా అంతే, ఆయిల్ మార్చి ఆశ పెట్టుకోవద్దు, విప్పి చూపించండి.

ఆయిల్ రంగు కూడా చూడండి. నల్లగా ఉండటం మామూలే. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ వరద నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, ఆ లాగుడికి నీళ్లు బ్రీదర్, అంటే పైన ఉండే చిన్న గాలి గొట్టం నుంచో, ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల నుంచో లోపలికి వస్తాయి. లోతు నీళ్లలో నడిపినవాళ్లు కిలోమీటర్లు లెక్కపెట్టకుండా వెంటనే ఆయిల్ చూసుకోవాలి. ఈ బ్రీదర్ మట్టితో మూసుకుపోయిందేమో ఇప్పుడే చూసేయండి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీళ్ల మీద పడి ఆయిల్ కారుతుంది.

చుక్కలు ఆగాక అడుగు ప్లగ్ తుడిచి, వాషర్ ఉండే రకమైతే కొత్త వాషర్ వేసి బిగించండి. ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది, బిగింపు కొలిచే టార్క్ పానా వాడండి. బయటి హౌసింగ్ (గుల్ల) అల్యూమినియంది అయితే మరీ జాగ్రత్త, మర పోయిందంటే ఖర్చే.

పోయడం తేలికే గానీ చిరాకు పని. పైన చోటు ఉండదు కాబట్టి గరాటు పనికిరాదు. సీసాకు బిగించే చేతి పంపు, దానికో గొట్టం ఉంటే చాలు. సాధారణంగా ఆయిల్ రంధ్రం అంచుకు వచ్చి సన్నగా బయటికి కారడం మొదలైతే నిండినట్టే. కొన్ని కార్లకు అంచు కన్నా కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలని రాస్తారు. ఎక్కువైతే మంచిదేగా అని కారు వంచి మరీ పోయకండి, నురగ కట్టి బ్రీదర్ నుంచి పైకి తన్నుకొస్తుంది. మీరు పోసింది మాన్యువల్ చెప్పిన లెక్కకు చాలా తక్కువే ఉండి బయటికి కారుతోందంటే, కారు వాలుగా ఉందేమో చూడండి.

పై ప్లగ్ బిగించి, చుట్టూ శుభ్రంగా తుడవండి. తుడవకపోతే రేపు కారుతోందో, ఇవాళ్టిదే అంటుకుందో తెలియదు. కారు దించి కాస్త నడిపి వచ్చి ప్లగ్‌ల దగ్గర తడి ఉందేమో చూడండి. క్లచ్ ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ ఉన్నవాళ్లు ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు చుట్లు తిప్పితే కొత్త ఆయిల్ లోపలి క్లచ్ ప్లేట్లకు పడుతుంది.

పాత ఆయిల్‌ను కాలువలోనో మట్టిలోనో పారబోయకండి. ఖాళీ అయిన కొత్త సీసాల్లోనే పోసి, మూత బిగించి, వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇచ్చేయండి. ఈ రోజు మీటర్ మీద ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో సర్వీస్ పుస్తకంలో రాసిపెట్టుకోండి.